చెన్నై పరిసరాల్లో ఆరుబయట స్పైరులినా పెంపకం: ఎండ, నీరు, వాన లెక్కలు వేసుకోవడం ఎలా

సూక్ష్మశైవలాలను (కంటికి విడిగా కనిపించనంత చిన్న నాచు జీవులను) ప్రయోగశాలలో పెంచేటప్పుడు వెలుతురు, వేడి, గాలి అన్నీ మన చేతిలోనే ఉంటాయి. వందల చదరపు మీటర్ల తొట్టిలో, ఆకాశం కింద పెంచేటప్పుడు వాటిలో ఒక్కటి కూడా మన మాట వినదు. అప్పుడు మనకు మిగిలేవి నీటి లోతు, కలియబెట్టే వేగం, కల్చర్ (శైవలం పెరుగుతున్న నీరు) ఎంత చిక్కబడ్డాక కోయాలన్న, అంటే వడకట్టి తీయాలన్న నిర్ణయం, తొట్టిపైన వేసే కప్పు. ఈ నాలుగింటినీ చెన్నై వాతావరణానికి అనుగుణంగా ఎలా వాడుకోవాలో ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను. గుమ్మిడిపూండి, తిరువళ్లూరు, చెంగల్పట్టు ప్రాంతాల్లోగానీ, సరిహద్దు దాటి తడ, సూళ్లూరుపేట వైపుగానీ కొద్దిపాటి భూమి ఉండి, దానిలో స్పైరులినా (ఆహారంగా వాడే నీలి ఆకుపచ్చ సూక్ష్మశైవలం) వేయాలనుకుంటున్నవారికి ఇది పనికివస్తుంది.

ఇక్కడికి కొత్తగా వచ్చేవారు ముందుగా అడిగేది ఎండ గురించే. నా దృష్టిలో ఈ ప్రాంతంలో పంటను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఎండ కాదు. బోరు నీటి కఠినత్వం (అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన రెండవది. ఈ రెంటినీ కలిపి ఆలోచించి తొట్టిని కట్టుకున్నవారికి మే నెల ఎండ పెద్ద సమస్య కాదు.

శైవలాల్లో ఎన్నో రకాలుండగా స్పైరులినానే ఎందుకు ఎంచుకోవాలన్నది సహజమైన ప్రశ్న. ఆరుబయట తొట్టిలోకి గాలి ద్వారా, పక్షుల ద్వారా, దుమ్ము ద్వారా వేరే జీవులు రావడం ఎవరూ ఆపలేరు. అందుచేత ఇతర జీవులు బతకలేని నీటిలో బతికే శైవలమే పెద్ద ఎత్తున ఆరుబయట నిలుస్తుంది. స్పైరులినా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9.5 నుంచి 10.5 వరకు ఉన్న క్షారజలంలో హాయిగా పెరుగుతుంది. అలాగే డునలియెల్లా అనే మరో సూక్ష్మశైవలం గాఢమైన ఉప్పునీటిలో పెరుగుతుంది కాబట్టే ఆస్ట్రేలియాలోని హట్ లగూన్ వంటి ఉప్పుమడుగుల్లో దాన్ని పెంచగలుగుతున్నారు. తమిళనాడులో స్పైరులినాకు మంచి చరిత్రే ఉంది. చెన్నై తరమణిలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం పల్లెల్లో తక్కువ ఖర్చుతో దీన్ని పెంచే పద్ధతుల మీద పనిచేసింది. పుదుక్కోట్టై జిల్లా ఊనైయూరులో ప్యారీ సంస్థ వాణిజ్య స్థాయిలో పెంచింది. శైవలశాస్త్రంలో ఎం.ఓ.పి. అయ్యంగార్, టి.వి. దేశికాచారి వంటివారు మద్రాసు విశ్వవిద్యాలయంలో వేసిన పునాది ఈ ప్రాంతానికి ఉండనే ఉంది.

స్థలం, నీరు

స్థలం చూసేటప్పుడు మధ్యాహ్నం కాకుండా ఉదయం 8 గంటలకూ, సాయంత్రం 4 గంటలకూ వెళ్లి నీడ ఎక్కడ పడుతోందో చూడండి. వేపచెట్లు, కొబ్బరిచెట్లు దగ్గరలో ఉంటే నీడ కన్నా రాలే ఆకులు, పూత ఎక్కువ బాధ పెడతాయి. లారీలు తిరిగే మట్టిరోడ్డు, ఇటుకబట్టీ, పురుగుమందులు కొట్టే వరిపొలం ఆనుకొని ఉన్న చోటు వద్దు. ఆహారంగా అమ్మే పంటలోకి దుమ్ముతోపాటు సీసం వంటి భారలోహాలు చేరితే ఆ సరుకంతా వృథా. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకూ ఆ స్థలంలో నీరు ఎంత ఎత్తుకు నిలిచిందో చుట్టుపక్కలవారిని అడిగి, తొట్టి గట్టు ఆ మట్టానికి పైన ఉండేలా చూసుకోండి. వాన నీరు పైనుంచి పడితే తొట్టి పలచబడుతుంది. వరద నీరు పక్కనుంచి వస్తే కల్చర్ మొత్తం పోతుంది.

సముద్రానికి దగ్గరగా ఉంటే మధ్యాహ్నానికి సముద్రపు గాలి తగిలి ఎండ తీవ్రత తగ్గుతుంది గానీ భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. తిరువళ్లూరు వంటి లోపలి ప్రాంతాలకు ఆ గాలి ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది కాబట్టి అక్కడ వేడి ఎక్కువ. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా నీటి పరీక్ష చేయించకుండా మాత్రం పునాది తవ్వకండి.

నీటి పరీక్షలో చూడవలసినవి మొత్తం లవణాలు, కఠినత్వం, క్లోరిన్, ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, పాదరసం. ఉప్పదనం కొంత ఉన్నా స్పైరులినా అలవాటు పడుతుంది. కఠినత్వానికి మాత్రం అలవాటు పడడమన్నది లేదు, ఎందుకంటే అది శైవలాన్ని కాదు, ఎరువును దెబ్బతీస్తుంది. పీహెచ్ 10 దగ్గర కాల్షియం కార్బనేట్‌గానూ ఫాస్ఫేట్‌గానూ మారి తెల్లటి మడ్డిలా అడుగుకు దిగుతుంది. మీరు వేసిన ఫాస్ఫేటులో కొంత దానితోపాటే పోతుంది.

ఈ లెక్కను మీరే వేసి చూడండి. 500 చదరపు మీటర్ల తొట్టిలో 20 సెంటీమీటర్ల లోతు నీరు పెడితే అది లక్ష లీటర్లు. ఎండాకాలంలో రోజుకు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకుంటే, చదరపు మీటరుకు 7 లీటర్ల చొప్పున రోజూ 3,500 లీటర్లు తిరిగి పోయాలి. ఆవిరయ్యేది శుద్ధమైన నీరు, పోసేది లవణాలున్న నీరు. బోరు నీటిలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల లవణాలుంటే తొట్టిలోకి రోజుకు అయిదు కిలోలకు పైగా ఉప్పు చేరుతుంది. 60 రోజులు గడిచేసరికి తొట్టి నీటిలో లీటరుకు 3 గ్రాములకు పైగా లవణం అదనంగా పేరుకుంటుంది. లీటరుకు అర గ్రాము కఠినత్వం ఉంటే రోజుకు 1.75 కిలోల సున్నపు మడ్డి దిగుతుంది. ఆరంభంలో బాగా పెరిగిన కల్చర్ మూడో నెలలో కారణం తెలియకుండా మందగించిందని చెప్పేవారిలో చాలామందికి అసలు కారణం ఇదే అయివుంటుంది.

దీనికి పరిష్కారం లారీ నీరు కొనడం కాదు. కప్పు మీద పడే వాన నీటిని నిలవ చేసుకోవడమే పరిష్కారం. చెన్నైకి సగటున ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో 60 శాతం దాకా ఈశాన్య రుతుపవనాల్లోనే కురుస్తుంది. 500 చదరపు మీటర్ల కప్పు మీద 800 మిల్లీమీటర్లు పడితే 4 లక్షల లీటర్లు వస్తాయి. రోజుకు 3,500 లీటర్ల చొప్పున ఇది మూడున్నర నెలలకు పైగా సరిపోతుంది. తొట్టిలో పడితే పంటను చెడగొట్టే ఆ వానే, పక్కన ప్లాస్టిక్ షీట్ పరిచిన లోతైన గుంటలో పట్టి, పైన మూత వేసి ఉంచుకుంటే, వేసవిలో మీకు దొరికే అత్యుత్తమమైన మెత్తని (కఠినత్వం లేని) నీరవుతుంది. తమిళనాడులో భవనాలకు వాన నీటి సేకరణను 2003లోనే తప్పనిసరి చేశారు కాబట్టి ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇక్కడ సులువుగానే దొరుకుతారు. మెట్రో నీరు (నగర సంస్థ సరఫరా చేసే కుళాయి నీరు) వాడవలసి వస్తే క్లోరిన్ పోయేవరకు ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి, పరీక్షించి వాడండి.

తొట్టి, చక్రం

పెద్ద ఎత్తున పెంచడానికి మధ్యలో అడ్డుగోడ ఉండి నీరు చుట్టూ తిరిగే పొడవాటి తొట్టి అనువైనది. నీటి లోతు 20 సెంటీమీటర్లున్నా గోడ ఎత్తు 40 నుంచి 50 సెంటీమీటర్లు ఉంచండి. ఆ అదనపు ఎత్తు వానాకాలంలో మీకు దొరికే గడువు. నీటిని తిప్పడానికి పాడిల్ వీల్ పెట్టాలి. నెల్లూరు, గూడూరు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు దీనికి పనికిరావు. అవి నీటిని చిమ్మడానికి చేసినవి. దారపు పోగుల్లా ఉండే స్పైరులినా తంతువులు ఆ దెబ్బకు తెగిపోతాయి. ఇక్కడ కావలసింది నెమ్మదిగా, ఎడతెగకుండా తోసే వెడల్పాటి చక్రం. నీటి వేగం సెకనుకు 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. ఒక బెండు ముక్క వేసి చూడండి, 3 మీటర్ల దూరం పోవడానికి దానికి 10 నుంచి 15 సెకన్లు పడితే చక్రం సరిగా తిరుగుతున్నట్టు. మలుపుల దగ్గర నీరు కదలకుండా నిలిచిపోతుంటే అక్కడ వంపు తిరిగిన రేకులు అమర్చాలి, లేకపోతే మడ్డి, చచ్చిన కణాలు అక్కడే చేరి కుళ్లుతాయి.

కలియబెట్టడం మీద ఇంత పట్టుదల దేనికంటే, చిక్కటి కల్చర్‌లో వెలుతురు పై కొన్ని సెంటీమీటర్లు దాటి లోపలికి వెళ్లదు. పైనున్న తంతువులకు అక్కరకు మించిన ఎండ, కిందనున్నవాటికి చీకటి. నీరు పైకీ కిందకీ తిరుగుతున్నప్పుడే అన్నింటికీ వంతులవారీగా వెలుతురు అందుతుంది. కరెంటు పోయి చక్రం ఆగితే, లోపలి వాయుకోశాల వల్ల తేలే గుణమున్న తంతువులు పైకి చేరి, నిమిషాల్లోనే పచ్చటి మీగడలా పేరుకొని ఎండకు మాడడం మొదలవుతుంది. అందుకని పగటిపూట కరెంటు కోతకు ఇన్వర్టరో జనరేటరో సిద్ధంగా ఉండాలి. రాత్రి పూట వేగం తగ్గించినా ఫరవాలేదు.

ఎండను, వేడిని కలిపి చూడడం

స్పైరులినాకు అనుకూలమైన నీటి ఉష్ణోగ్రత 35 నుంచి 37 డిగ్రీలు. 20 డిగ్రీలకు దిగితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, 40 దాటితే కణాలు దెబ్బతింటాయి. నడిమధ్యాహ్నపు ఎండ ఈ శైవలం నిజంగా వాడుకోగలిగిన వెలుతురుకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మిగులు వెలుతురును కణం భరించగలదా లేదా అన్నది నీటి వేడి మీద, నీటిలో కరిగిన ఆక్సిజన్ మీద ఆధారపడుతుంది. అందుచేత థర్మామీటరును ఒక్కదాన్నే చూసి నిర్ణయాలు తీసుకోకూడదు.

ఈ విషయంలో చాలామంది పట్టించుకోని సమయం ఉదయం. డిసెంబరు, జనవరి నెలల్లో చెన్నైలో తెల్లవారుజామున నీరు 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉదయం 9 గంటలకు ఎండ బాగా పెరుగుతుంది గానీ నీరు ఇంకా చల్లగానే ఉంటుంది. చల్లని కణం తాను పట్టిన వెలుతురును వాడుకోలేక దెబ్బతింటుంది, ఆ దెబ్బ ప్రభావం ఆ రోజంతా ఉంటుంది. నీరు 25 డిగ్రీలకు చేరేవరకు షేడ్ నెట్ ఉంచడం, రాత్రి తొట్టిపైన పారదర్శకమైన షీట్ కప్పి వేడిని నిలపడం దీనికి మార్గాలు. బెంగళూరులో ఉన్న మన బంధుమిత్రులు ఇదే పని చేయబోతే ఈ సమస్య మరింత తీవ్రంగా ఉంటుంది, అక్కడ ఆ నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది కాబట్టి పాలీహౌస్ (ప్లాస్టిక్ షీట్ కప్పిన షెడ్డు) లేకుండా మొదలుపెట్టకపోవడం మంచిది.

వేసవి లెక్క వేరు. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న చెన్నైలో ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టులో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. తమిళులు కత్తిరి ఎండలని పిలిచే రోజుల్లోనూ, మనం రోహిణి కార్తె ఎండలని పిలిచే రోజుల్లోనూ గాలి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. అప్పుడు నీటి లోతును 25 నుంచి 30 సెంటీమీటర్లకు పెంచండి. నీరు ఎక్కువైనకొద్దీ అది వేడెక్కడం నెమ్మదిస్తుంది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు 50 శాతం షేడ్ నెట్ లాగండి. కల్చర్‌ను మామూలుకన్నా కొంచెం చిక్కగా ఉంచండి, ఎందుకంటే చిక్కటి కల్చర్‌లో తంతువులే ఒకదానికొకటి నీడనిచ్చుకుంటాయి. పలచటి కల్చర్‌ను ఇదే ఎండలో వదిలితే ఒక్క మధ్యాహ్నంలోనే పసుపురంగుకు తిరుగుతుంది.

రాత్రులు కూడా లెక్కలోకి వస్తాయి. పగలు పోగుచేసుకున్న పదార్థంలో కొంత భాగాన్ని శైవలం రాత్రి శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. కొన్ని పరిస్థితుల్లో ఈ నష్టం మూడో వంతు దాకా ఉంటుంది. మే నెల రాత్రులు వెచ్చగా ఉండి ఈ ఖర్చు పెరుగుతుంది. అలా రాత్రి ఖర్చయ్యేది ప్రధానంగా పిండిపదార్థమే కాబట్టి, మాంసకృత్తుల శాతం ఎక్కువ కావాలనుకునేవారు తెల్లవారాక మొదటి గంటల్లోనే కోయడం మేలు.

మధ్యాహ్నం ఆక్సిజన్‌ను కూడా కొలవండి. 35 డిగ్రీల నీటిలో గాలితో సమతుల్యంగా ఉండే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములే. బాగా పెరుగుతున్న తొట్టిలో అది మూడు నాలుగు రెట్లకు చేరి కిరణజన్య సంయోగక్రియనే అడ్డుకుంటుంది. దాన్ని గాలిలోకి వదిలించేది నీటి కదలిక మాత్రమే. కాబట్టి 11 నుంచి 3 గంటల మధ్య చక్రాన్ని ఆపడం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

పీహెచ్, ఎరువులు

జర్రూక్ మాధ్యమం (స్పైరులినాకు వాడే ప్రామాణిక పోషకాల మిశ్రమం) ప్రకారం లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ కావాలి. ఖర్చు తగ్గించుకోవడానికి మన పెంపకందారులు చాలామంది 8 గ్రాముల దగ్గర ఆగుతారు. శైవలం బైకార్బనేట్‌లోని కార్బన్‌ను వాడుకొనేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. రోజూ సాయంత్రం ఒకే సమయానికి పీహెచ్ చూడండి. అది 10.5 దాటితే బైకార్బనేట్ వేయండి, లేదా కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదలండి. ఎండు స్పైరులినా ఒక కిలో తయారవడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలన్నది గుర్తుంటే ఈ ఖర్చు ఎందుకవుతోందో తెలుస్తుంది. పీహెచ్ 9 కన్నా దిగితే క్లోరెల్లా వంటి ఇతర శైవలాలకు మీరే తలుపు తెరిచినట్టు.

చౌక అని యూరియా వేసేవారు ఎండాకాలంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. యూరియా నుంచి వచ్చే అమోనియా ఈ పీహెచ్‌లో చాలావరకు విషవాయు రూపంలోనే ఉంటుంది, వేడి పెరిగితే ఆ పాలు ఇంకా పెరుగుతుంది. పెద్ద మోతాదు ఒక్కసారి వేస్తే తొట్టి ఒక్కరోజులో తెల్లబారుతుంది. కొత్తవారు నైట్రేట్‌తోనే కొనసాగడం మంచిది.

వానకు ముందే వేసుకోవలసిన లెక్క

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమనీ, 115.6 దాటితే అతి భారీ అనీ, 204.5 దాటితే అత్యంత భారీ అనీ అంటుంది. మీ తొట్టి లోతు 200 మిల్లీమీటర్లు. అంటే అత్యంత భారీ వర్షం కురిస్తే, కప్పు లేని తొట్టిలోని నీరు ఒక్కరోజులో రెట్టింపవుతుంది. 100 మిల్లీమీటర్లు పడినా లీటరుకు 16.8 గ్రాములున్న బైకార్బనేట్ 11.2కు పడిపోతుంది. పెరిగిన 50 వేల లీటర్లను బయటకు వదిలితే 500 చదరపు మీటర్ల తొట్టి నుంచి 560 కిలోల బైకార్బనేట్ కొట్టుకుపోతుంది. దానితోపాటు మూడో వంతు శైవలం కూడా పోతుంది.

అందువల్ల ఆహారంగా అమ్మదలచినవారు పారదర్శకమైన కప్పు వేయకుండా ఈ పని మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. కప్పు వల్ల వెలుతురు కొంత తగ్గినా, చెన్నై ఎండలో అది పెద్ద నష్టం కాదు. దుమ్ము, పక్షుల రెట్ట కూడా పడవు, నిలవ చేసుకోవడానికి మెత్తని నీరు దొరుకుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు గాలులు గంటకు 100 కిలోమీటర్లు దాటాయి కాబట్టి, షీట్లను త్వరగా విప్పి చుట్టి పెట్టుకునే ఏర్పాటు ఉండాలి, స్తంభాలకు లోతైన పునాది ఉండాలి. కప్పు వేయలేనంత పెద్ద తొట్టి అయితే ఏడాదికి తొమ్మిది నెలల పంటగానే లెక్క కట్టుకోండి. అక్టోబరు 20 ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి కాబట్టి, నెల మధ్యకల్లా చివరి కోత పూర్తిచేసి, మదర్ కల్చర్‌ను (విత్తనంగా ఉంచుకునే కల్చర్‌ను) మూత ఉన్న ట్యాంకుల్లో రెండు వేర్వేరు చోట్ల దాచండి. కొత్తగా కల్చర్ కావలసినవారు తిరుచిరాపల్లిలో భారతిదాసన్ విశ్వవిద్యాలయంలోని జాతీయ శైవల భాండాగారాన్ని సంప్రదించవచ్చు.

రోజువారీ పరిశీలన, తిరిగి మొదలుపెట్టడం

తెల్లవారగానే ఒక చుక్క కల్చర్‌ను సూక్ష్మదర్శినిలో చూడడం ఎన్నడూ మానకండి. మరచుట్టల్లా ఉండవలసిన తంతువులు నిటారుగా, పొట్టిగా, ముక్కలుగా కనిపిస్తే ఎండ, వేడి, లవణాల్లో ఏదో ఒకటి హద్దు దాటింది. గుండ్రటి పచ్చటి కణాలు కనిపిస్తే పీహెచ్, బైకార్బనేట్ పడిపోయాయి. శైవలాన్ని తినే రోటిఫర్లు, అమీబాలు వంటి సూక్ష్మజీవులు కనిపిస్తే ఆ తొట్టి నుంచి వేరే తొట్టికి విత్తనం తీసుకోకండి. గుర్తుపట్టలేని నీలి ఆకుపచ్చ గుంపులు కనిపిస్తే, విషాన్ని తయారుచేసే మైక్రోసిస్టిస్ వంటివి కావచ్చు కాబట్టి పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆ కోతను అమ్మకండి. చిక్కదనం చూడడానికి సెంటీమీటర్ల గుర్తులున్న కర్రకు తెల్ల బిళ్ల బిగించి నీటిలో దించండి. 2, 3 సెంటీమీటర్ల లోతులోనే అది కనిపించకుండా పోతే కోతకు సిద్ధం. 5 సెంటీమీటర్లకు పైగా కనిపించేంత పలచగా ఎప్పుడూ కోయవద్దు.

వానలు వెనుదిరిగాక, జనవరి చివరలో పెద్ద తొట్టిని తిరిగి నింపడం ఈ ప్రాంతానికి సరైన అదను. అడుగు మడ్డిని పూర్తిగా ఎత్తి, కడిగి ఆరబెట్టండి. దాచిన వాన నీటితో మాధ్యమం కలపండి. మదర్ కల్చర్‌ను ఒక్కసారిగా లక్ష లీటర్లలో పోయకుండా, ప్రతి దశలోనూ అయిదు రెట్లకు మించకుండా పెంచుకుంటూ వెళ్లండి. ప్రతి దశలోనూ కల్చర్ పలచగా ఉన్న మొదటి మూడు నాలుగు రోజులు పగలంతా షేడ్ నెట్ కిందే ఉంచి, తెల్ల బిళ్ల 5 సెంటీమీటర్ల లోపే కనుమరుగయ్యాక ముందు ఉదయపు ఎండకూ, తరువాత సాయంత్రపు ఎండకూ, చివరగా మధ్యాహ్నపు ఎండకూ అలవాటు చేయండి.